మూడో అంతస్తు వెనుక గోడ

ఎవరో నోటీసును బక్కయ్య ఇంటి తలుపుకు అంటించి పోయారు. పాల ప్యాకెట్ కోసం తలుపు తీసినప్పుడు ఆయన దాన్ని చూశాడు. ఆయనకు గుజరాతీ చదవడం రాదు. కాగితం ఊడదీసుకుని, మెట్లు దిగి, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండే సోమలింగం దగ్గరికి వచ్చాడు.

సోమలింగం చదివి చెప్పాడు. ‘ఏ’ వింగ్, మూడో అంతస్తు, మెట్లెక్కితే కుడి చేతి ఫ్లాట్. వెనుక బాల్కనీకి, అదే గ్యాలరీకి, గోడ కట్టి, తొమ్మిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న గది చేశారు. అనుమతి లేదు. అందులో వ్యాపారం సాగుతోందని ఫిర్యాదు అందింది. వచ్చే బుధవారం మునిసిపల్ అధికారులు వచ్చి చూస్తారు. గది ఉందని తేలితే కూలుస్తారు.

బక్కయ్య గ్యాలరీకి గోడ లేదు. ఒక తీగ ఉంది. తీగ మీద లుంగీ ఉంది.

“నా లుంగీని కూలగొడ్తరా ఏందిరా?” అన్నాడు బక్కయ్య.

సోమలింగం నవ్వలేదు. గోడ కట్టిన గ్యాలరీ బక్కయ్యకు ఎదురు ఫ్లాట్‌లో, ఎడమ చేతి వైపు ఉంది. అది భాగీరథిది. భర్త పోయాక ఆమె ఆ గోడ కట్టించి, లోపల పొయ్యి, పొగ పోవడానికి గోడలో ఫ్యాన్ పెట్టింది. సకినాలు, కారప్పూస, మామిడి తొక్కు చేసి అమ్ముతుంది. ఊరి పేటలైన అమ్రోలిలోనూ కతర్‌గామ్‌లోనూ ఉన్న తెలుగు ఇళ్లవాళ్లు కొంటారు. మెడికల్ కాలేజీ హాస్టల్లో చదివే తెలుగు పిల్లలు కొంటారు. ఆ గది సంగతి ఏ వింగ్‌లో అందరికీ తెలుసు. బయట ఎవరూ ఎత్తరు. ఆమెకు ఇంకో ఆధారం లేదన్న సంగతి కూడా అందరికీ తెలుసు.

సాయంత్రం పార్కింగ్‌లో జనం చేరారు. సొసైటీ సెక్రటరీ రవీంద్ర బి వింగ్ నుంచి వచ్చాడు. ఆయన పల్సానాలో గుడ్డలకు రంగులద్దే ఒక డైయింగ్ మిల్లులో సూపర్‌వైజర్. నోటీసును మళ్లీ పైకి చదివాడు. గుమాస్తా ఎవడో కుడి ఎడమలు తారుమారు చేసి ఉంటాడని ఎవరో అన్నారు. రవీంద్ర చేయి ఎత్తి ఆపాడు.

“కుడి ఎడమల ముచ్చట తర్వాత. తొమ్మిదడుగులు, నాలుగడుగులు అని రాసిండ్రు. గా గదిని టేపు వెట్టి కొలిచిందెవలు?”

కొలిచింది ఎవరో అందరూ చూశారు. పోయిన ఎండాకాలమంతా సోమలింగం టేపు పట్టుకుని ఆ బిల్డింగ్ చుట్టూ తిరిగాడు.

సోమలింగానికి ఇళ్ల నమూనాలు చేసే అలవాటు ఉంది. దాని వల్ల వచ్చేదేమీ లేదు. ముప్పై ఏళ్లు అతను పవర్‌లూమ్ ఖాతాలో, అంటే మగ్గాల షెడ్డులో, జకార్డ్ అట్టలకు రంధ్రాలు కొట్టాడు. చీర మీద పువ్వు ఎక్కడ పడాలో ఆ రంధ్రాలే మగ్గానికి చెబుతాయి. తర్వాత కంప్యూటర్ జకార్డులు వచ్చాయి. డిజైన్ పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లింది. సోమలింగాన్ని ఫిట్టర్ పనిలో వేశారు. పాత అట్టలను సేఠ్ తుక్కు కింద అమ్మబోతే, కొన్ని కట్టలు అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆ అట్ట గట్టిది. కోస్తే అంచు పీచు లేవదు. రంధ్రం ఉన్నచోట కిటికీ పెట్టేవాడు, లేదా కాగితం అంటించి పూడ్చేవాడు. అగరబత్తి పుల్లలతో రెయిలింగ్ చేసేవాడు. నూలు కోన్ మొదలు కోసి వాటర్ ట్యాంకు చేసేవాడు. మొదట క్లాక్ టవర్ కట్టాడు, తర్వాత రైల్వే స్టేషన్. ఆ తర్వాత తను ఉండే ఏ వింగ్‌నే మొదలుపెట్టాడు. దానికి కారణం ఉంది. ఒక బిల్డర్ సొసైటీని కూల్చి కొత్తది కడతానని వచ్చాడు. అతనితో మాటలు జరిపేది రవీంద్ర; ఏ వింగ్ మెట్లెక్కకుండా, సంతకాలకు అందరినీ పార్కింగ్‌కే పిలిపించేవాడు. సంతకాలు సగం దగ్గర ఆగాయి. కొత్త ప్లానులో పొయ్యికి చోటు లేదని భాగీరథి సంతకం పెట్టలేదు. ఆమెను చూసి ఇంకొందరు ఆగారు. అయినా ఈ బిల్డింగ్ ఎన్నాళ్లో ఉండదని సోమలింగానికి అనిపించింది. ఉండగానే కొలవాలనుకున్నాడు.

అడుగుకు అర అంగుళం లెక్క. ప్రతి ఇంటికీ వెళ్లి కొలిచాడు. ఎవరూ వద్దనలేదు. భాగీరథి టేపు రెండో కొస పట్టుకుంది కూడా. వినాయక చవితికి ఆ నమూనాను సొసైటీ మండపంలో పెట్టారు. ‘మా కిటికీ, మా మెట్లు’ అని వేళ్లు పెట్టి చూపించుకున్నారు. తన నమూనాలో కొలత తప్పదని సోమలింగం మండపంలో నలుగురికి చెప్పాడు.

ఇప్పుడు ఆ నలుగురూ అతన్నే చూస్తున్నారు.

“నేను ఎవలికి చెప్పలే,” అన్నాడు సోమలింగం.

“చెప్పకుంటే నోటీసుకు నీ టేపు ఎట్ల దొర్కిందిరా?” అన్నాడు బక్కయ్య.

కొందరు నవ్వారు. భాగీరథి మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఆమె నవ్వలేదు, పైకి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి వెనుక గ్యాలరీలకు పరదాలు దిగాయి. రెండో అంతస్తులో ఒకాయన అనుమతి లేకుండా వేసుకున్న పైపు కనబడకుండా గోనె కట్టాడు. సోమలింగం భార్య నీళ్ల మోటారు వేయడానికి వెళ్తే, అక్కడ మాట్లాడుకుంటున్న ఆడవాళ్లు మాట ఆపేశారు. ఆమె ఇంటికి వచ్చి, ఆ అట్టలను ఎప్పుడు తగలబెడతావని మొగుణ్ని అడిగింది. ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు.

చెప్పినవాడు ఎవడన్నది సోమలింగం తన ఇంట్లోంచే వెతకడం మొదలుపెట్టాడు. కూతురు నవత కాలేజీలో చదువుతుంది. చవితి రోజు నమూనాను వీడియో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. ఆ వీడియో ఎవరెవరు చూశారని అడిగాడు. నవత ఫోన్ తీసి చేతికిచ్చింది.

“నా మీద్నే షక్కా బాపు? దేఖో, మొత్తం చూస్కో.”

అతను చూశాడు. వీడియోలో నమూనా ముందు వైపు మాత్రమే ఉంది. మండపంలో దాన్ని గోడకు ఆనించి పెట్టారు. వెనుక భాగం ఎవరికీ కనబడలేదు. గ్యాలరీలు ఉన్నది వెనుక. ఫోన్ తిరిగి ఇచ్చాడు. నవత తీసుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

బక్కయ్యను అనుమానించాడు. ఎదురింటి నూనె వాసనకు దగ్గొస్తోందని ఆయన ఎన్నోసార్లు గొణిగాడు. కానీ తన తలుపుకే నోటీసు వచ్చేలా ఎవరూ ఫిర్యాదు చేయరు. ఖాతాలో తన పాత అట్టలు చూసినవాళ్లను గుర్తు చేసుకున్నాడు. వాళ్లు ఈ బిల్డింగ్‌కు వచ్చినవాళ్లు కారు.

ఆదివారం మధ్యాహ్నం భాగీరథి కిందికి వచ్చింది. ఆమె చేతులకు బియ్యప్పిండి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

“నా పొయ్యి నిన్నేమన్నదే సోమన్నా?”

తను చెప్పలేదని అతను మళ్లీ అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. బల్ల మీద ఉన్న నమూనాను వెనక్కి తిప్పింది. పిండి చేతి ముద్ర దాని పక్క గోడ మీద పడింది. మూడో అంతస్తుకు వంగి చూసింది.

“ఫ్యాన్ బొక్క సుత పెట్టినవ్.”

“ఉన్నది పెట్టిన, చెల్లె.”

ఆమె ఇంకా చూస్తూనే ఉంది. తర్వాత వేలితో ఆ గదిని తాకింది.

“ఇది ఎవలి ఫ్లాటు?”

“నీదే.”

“నాది గాదు. మెట్లెక్కి నిలవడితే నాది ఎడమకు. ఇది బక్కయ్య కాకది.”

అతను కళ్లద్దాలు పెట్టుకున్నాడు. వేలిని నమూనా మెట్ల మీద పెట్టి, ఒక్కో అంతస్తు పైకి తీసుకెళ్లాడు. మూడో అంతస్తులో ఆపి, ఎడమకు తిప్పాడు. అక్కడ అగరబత్తి పుల్లల రెయిలింగ్ ఉంది. కుడికి తిప్పాడు. అక్కడ గోడ, గోడలో ఫ్యాన్ రంధ్రం ఉన్నాయి.

తర్వాత ఆమెకు వివరించాడు. గీతలు బయటికి కనబడకూడదని అట్టను అతను వెనుక వైపు నుంచి గీస్తాడు. వెనుక గీసినప్పుడు కుడిది ఎడమకు, ఎడమది కుడికి వేయాలి. మిగతా అంతస్తుల్లో రెండు వైపులా ఒకటే కాబట్టి తేడా రాలేదు. మూడో అంతస్తు గోడకు మార్చి గీయడం మరిచాడు. మగ్గం మీద గుడ్డ వెనుక వైపే పైకి ఉంటుంది. ముప్పై ఏళ్లు ఆ తిరగేసిన వైపే చూసిన కంటికి ఇది తప్పుగా కనబడలేదు.

భాగీరథి మొగుడు కూడా మగ్గం మీద పనిచేసినవాడే. ఆమెకు రెండోసారి చెప్పనవసరం లేకపోయింది.

“గుమాస్తా తప్పు గాదు మరి,” అంది. “నోటీసు ఈ బొమ్మల కెల్లి పోయింది.”

సోమలింగం తలూపాడు. ఇల్లు తెలిసినవాళ్లెవరూ భాగీరథి గదిని బక్కయ్య వైపు రాయరు. నమూనా వెనుక భాగాన్ని చూసి, ఇంటిని చూడనివాడు రాసింది అది. అంటే తను చెప్పలేదు, కానీ తను చేసిన వస్తువు చెప్పింది.

అతను చెప్పులు వేసుకున్నాడు. రవీంద్ర దగ్గరికి వెళ్లి, అందరినీ పిలిపించి, ఈ తప్పు చూపిస్తానన్నాడు. ఫిర్యాదు చేసింది బయటివాడని అందరికీ తెలుస్తుందన్నాడు.

భాగీరథి తలుపుకు అడ్డం నిలబడింది.

“నీ పేరు నిందల కెల్లి బయటపడ్తది. నా గది సుత బయటపడ్తది. తప్పు అని నువ్వు చూపిస్తే, సరైంది ఏ దిక్కున్నదో చూపినట్టే గద? బుధవారం వాళ్లు నా తలుపు కొడ్తరు.”

అతను చెప్పులు విడిచాడు.

“ఎవలికిచ్చినవ్ ఇది, బుధవారం లోపట యాది చేసుకో,” అని ఆమె వెళ్లిపోయింది. అతన్ని నమ్మిందో లేదో ఆమె మాటను బట్టి తెలియలేదు.

బుధవారం ఇద్దరు వచ్చారు. ఒకాయన అధికారి, రెండోవాడు సహాయకుడు. రవీంద్ర సెలవు పెట్టి, వాళ్లను వెంటబెట్టుకుని మెట్లెక్కాడు. బక్కయ్య తలుపు తీశాడు. వాళ్లు గ్యాలరీలోకి వెళ్లి తీగనూ లుంగీనీ చూశారు. బయట మెట్ల మీద ఏ వింగ్ వాళ్లు నిలబడ్డారు. భాగీరథి తలుపు మూసి ఉంది. ఆ పూట ఆమె పొయ్యి వెలిగించలేదు. అయినా నూనె వాసన మెట్ల దాకా ఉంది. అధికారి ముక్కు పైకెత్తి, ఏం వాసన అని అడిగాడు. తన ఇంట్లో పూరీలు చేశారని బక్కయ్య చెప్పాడు. ఆయన వంటగదిలో పొయ్యి చల్లగా ఉంది. ఎవరూ ఆ వైపు వెళ్లలేదు.

అధికారి ఫైల్లోంచి ఒక ఫొటో తీశాడు. ఫిర్యాదుతో పాటు వచ్చిందని చెప్పాడు. ఇది ఏ బిల్డింగ్ అని అడిగాడు. బక్కయ్య చూసి సోమలింగం వైపు తలతిప్పాడు. తర్వాత మెట్ల మీద ఉన్నవాళ్లందరూ తిప్పారు.

సోమలింగం ముందుకు వచ్చి ఫొటో అందుకున్నాడు. నమూనా వెనుక భాగం అది. మూడో అంతస్తు గది చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. అతను సున్నాను కాదు, పైభాగాన్ని చూశాడు. టెర్రస్ మీద వాటర్ ట్యాంకు లేదు. ట్యాంకును అతను చవితికి ముందురోజు అంటించాడు. దానికి ముందు నమూనా ఇల్లు దాటలేదు. ఆ వారంలో ఇంటికి వచ్చినవాడు ఒక్కడే. మండపం చందాకు వచ్చి, టీ తాగి, నమూనాను చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. అడుగుకు ఎంత లెక్క అని అడిగాడు. నవత చక్కెర డబ్బా కోసం, తను చందా కోసం లోపలికి వెళ్లాక ఆ గదిలో అతనొక్కడే ఉన్నాడు.

ఆ మనిషి ఇప్పుడు అధికారి పక్కన నిలబడి ఉన్నాడు. పొయ్యి పోతే భాగీరథి సంతకం ఆపడానికి కారణం ఉండదు.

“సోమలింగం భాయ్ కొలత తప్పదు సాబ్,” అన్నాడు రవీంద్ర హిందీలో. “మండపంలో మా అందరికీ తనే చెప్పాడు. చూడకుండా ఏదీ పెట్టడు. అడగండి, ఈ గది బిల్డింగ్‌లో ఉందో లేదో ఆయనే చెప్తాడు.”

ఎదురు తలుపు అని రవీంద్ర అనలేదు. ఏ వింగ్ వాళ్ల ముందు అతను ఆ మాట అనలేడు. సోమలింగం అంటాడని చూశాడు.

అధికారి అడిగాడు. మెట్ల మీద ఎవరూ కదలలేదు. మూసిన తలుపు వెనుక గాజుల చప్పుడు ఒకసారి వినబడి ఆగింది.

ఫొటో ఎవరు తీశారో చెబితే సోమలింగం పేరు నిలబడుతుంది. కానీ అది చెప్పాలంటే నమూనా నిజమని, ఒక్క గోడ మాత్రం అటుదిటు అయిందని చెప్పాలి.

“లేదు సాబ్,” అన్నాడు సోమలింగం. “అట్టలతో ఆడుకునే ఆట అది. అందంగా ఉంటుందని ఆ గది నేనే కల్పించి పెట్టాను. కొలతలు కూడా నోటికొచ్చినవి. ఈ బిల్డింగ్‌లో అలాంటిది లేదు.”

“మండపంలో వేరే చెప్పావు కదా భాయ్,” అన్నాడు రవీంద్ర.

“గొప్పకు చెప్పాను.”

అధికారి ఫొటో తిరిగి తీసుకున్నాడు. నోటీసులో రాసిన ఫ్లాట్‌లో కట్టడం ఏదీ కనబడలేదని ఫైల్లో రాసుకున్నాడు. బొమ్మల ఫొటోలు పంపి తమ పని చెడగొట్టొద్దని సొసైటీకి చెప్పమని సెక్రటరీకి చెప్పి, మెట్లు దిగాడు.

జనం విడిపోయారు. సోమలింగానికి ఎవరూ దారి అడ్డం రాలేదు, ఎవరూ పలకరించలేదు. బక్కయ్య మాత్రం తలుపు దగ్గర ఆగాడు.

“క్లాక్ టవరు, స్టేషను అన్ని గిట్లనేనా? నోటికొచ్చినయేనా?”

“గట్లనే అనుకో కాకా.”

“మరి ఆ ఫొటో వాళ్లకెట్ల పోయిందిరా?”

సోమలింగం మెట్లు దిగాడు. బక్కయ్య తలుపు వేసుకున్నాడు. ఆ సాయంత్రానికి ఏ వింగ్‌లో ఒక మాట స్థిరపడింది: సోమలింగమే ఫొటో ఇచ్చాడు, తర్వాత భయపడి మాట మార్చాడు. పరదాలు అలాగే ఉన్నాయి. భాగీరథి ఆ మాటను ఖండించలేదు. ఖండిస్తే ఎందుకో చెప్పాల్సి వస్తుంది. మరుసటి రోజు పొద్దున ఆమె పైన ఫ్యాన్ వేసింది. ఆ చప్పుడు గ్రౌండ్ ఫ్లోర్‌కు వినబడింది.

ఆ ఆదివారం రవీంద్ర వచ్చాడు. మెయింటెనెన్స్ గురించి ఏదో మాట్లాడి, కుర్చీలో కూర్చున్నాడు. సోమలింగం భార్య టీ ఇచ్చింది. రవీంద్ర గ్లాసు పట్టుకునే లేచి బల్ల దగ్గరికి వెళ్లి, నమూనాను వెనక్కి తిప్పాడు.

మూడో అంతస్తు గోడ ఎలా ఉందో అలాగే ఉంది. పక్క గోడ మీద పిండి ముద్ర తుడవలేదు. గోడ మార్చడానికి సోమలింగం అట్ట కోసి పెట్టుకున్నాడు. ఈసారి సరైన వైపు గీశాడు. కోసిన అట్ట అల్మారాలో పెట్టి తాళం వేశాడు.

“అన్ని తప్పు కొలతలే అంటివి,” అన్నాడు రవీంద్ర. “మరి ఈ ఫ్యాన్ బొక్క ఎవలింట్లది భాయ్? ఊర్కనే పెట్టినవా?”

“ఊర్కనే.”

“జర ఆలోచించి చెప్పు. ఇంకోసారి ఎవలన్న ఫిర్యాదు ఇస్తే, అప్పుడు ఏ దిక్కు అని రాస్తరో.”

సోమలింగం తన గ్లాసు కింద పెట్టాడు.

“గా ఫొటోల ట్యాంకి లేదు, రవీందర్ భాయ్.”

“ఏ ట్యాంకి?”

“మీద. చవితి ముంగటి దినం అంటించిన. నువ్వు చందాకు వచ్చిననాడు లేకుండె.”

రవీంద్ర నమూనా పైకి చూశాడు. ట్యాంకు అక్కడ ఉంది. నూలు కోన్ మొదలు, మీద నల్ల రంగు. చాలాసేపు చూశాడు. ఆ మాట ఇంకెవరికైనా తెలుసా అని అడగలేదు. అడిగితే ఒప్పుకున్నట్టవుతుంది. తనకు అది ఎంత దాకా తెలుసో సోమలింగం చెప్పలేదు. చెబితే పైన ఉన్న గది సంగతి ఎత్తాల్సి వస్తుంది.

పైన ఫ్యాన్ తిరుగుతోంది. ఇద్దరికీ వినబడుతోంది. సకినాలు వేగుతున్న వాసన మెట్ల మీదుగా కిందికి వచ్చింది.

“టీ చల్లారుతుంది,” అన్నాడు సోమలింగం.

రవీంద్ర తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, మెయింటెనెన్స్ సంగతి మళ్లీ మాట్లాడుకుందామని వెళ్లిపోయాడు. సోమలింగం తలుపు దాకా వెళ్లి, అతను బి వింగ్ మెట్లు ఎక్కేదాకా చూశాడు. అక్కడ రవీంద్ర ఒకసారి వెనక్కి తిరిగాడు.

సోమలింగం లోపలికి వచ్చి, నమూనా వెనుక భాగాన్ని గోడ వైపు తిప్పి, గోడకు ఆనించాడు.